తుప్పును దాచని షెడ్డు

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణంగా, థేమ్స్ ఒడ్డున ఆబింగ్డన్ అనే ఊరుంది. 1929 నుంచి 1980 దాకా ఎంజీ స్పోర్ట్స్ కార్లు తయారైంది ఇక్కడే. ఫ్యాక్టరీ మూతపడి నాలుగు దశాబ్దాలు దాటింది. కానీ ఆ కార్ల మంచిచెడ్డలు తెలిసిన మేస్త్రులు చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకరి షెడ్డుకు మా బావగారితో కలిసి వెళ్లాను.

బావగారిది విజయవాడ. ఉద్యోగరీత్యా రెడింగ్‌లో స్థిరపడ్డారు. ఆయన దగ్గర 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ ఉంది. ఇద్దరు కూర్చునే కారు, టాపు వెనక్కి మడుచుకుంటుంది. 1962లో మార్కెట్లోకి వచ్చిన ఎంజీబీలు అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగానే తయారయ్యాయి. అందుకే ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతున్నాయి, పని తెలిసినవాళ్లూ దొరుకుతున్నారు. నమ్మకంగా చేసేవాళ్లను వెతుక్కోవడమే కష్టం.

ఆ కష్టం ఎందుకో తెలియాలంటే ఈ కారు ఎలా కట్టారో తెలియాలి. దీనికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే రేకు భాగాన్ని సిల్ అంటారు. పైన కప్పు లేని కారుకు సిల్ ఇంటికి దూలం లాంటిది. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, రెండింటి మధ్య నిలువుగా మరొకటి. మూడూ కలిస్తేనే దానికి బలం. చలికాలంలో ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు ఆ సందుల్లోకి చేరిందంటే తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

బావగారు ఇదివరకు ఒక గ్యారేజీలో సిల్స్ మార్పించారు. కొత్త రేకు వేశామన్నారు, బిల్లు ఇచ్చారు, ఎర్ర రంగు వేసి అప్పగించారు. కొన్నాళ్లకే తలుపులు సరిగ్గా పడడం మానేశాయి. ఇంజిన్ కూడా నిలకడగా తిరగడం లేదు. మళ్లీ ఎవరి చేతిలో పెట్టాలో తోచక కారుకు కవరు కప్పేశారు. ఆబింగ్డన్‌లోనే ఎంజీ కార్ క్లబ్ కార్యాలయం ఉంది. 1930లో మొదలైన ఆ క్లబ్బులో తెలిసిన సభ్యులను వాకబు చేస్తే, ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లు కూడా ఈ షెడ్డు పేరే చెప్పారు.

రోడ్డు మీంచి చూస్తే అది ఏ రైతు గోదామో అనుకుంటాం. బోర్డు కూడా చిన్నదే. లోపల నాలుగు కార్లు పట్టే చోటు. గోడకు పానాలు సైజుల వారీగా వేలాడుతున్నాయి. ప్రతి కారు పక్కనా ఒక చెక్క పెట్టె, దాని మీద కారు నంబరు, లోపల దానికి విప్పిన పాత సామాను. యజమాని అరవై దాటిన మనిషి. కారును చూడగానే ధర గురించి మాట్లాడలేదు, మా అనుమానాలేమిటో అడగలేదు. ముందు తలుపు దగ్గరకు వెళ్లారు.

తలుపుకూ వెనక రెక్కకూ మధ్య ఉన్న సందును పై నుంచి కింద దాకా వేలితో తడిమి చూశారు. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంది. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని రెక్క అంచు వెంట జరుపుకుంటూ పోతే ఒకచోట జారి పడిపోయింది. అక్కడున్నది ఇనుము కాదు, మందంగా రాసిన పుట్టీ. తర్వాత సిల్ కింద జాకీ పెట్టి మెల్లగా లేపారు. కారు లేస్తుంటే మా కళ్ల ముందే తలుపు సందు మూసుకుపోయింది. తలుపు తీయబోతే రాలేదు. బాడీ నడుము దగ్గర వంగుతోందన్నమాట. ఆయన వెంటనే జాకీ దించేశారు.

“ఇప్పుడు లోపల చూద్దాం” అంటూ సన్నటి కెమెరా తీగను సిల్‌కు ఉన్న రంధ్రంలోంచి లోపలికి పంపారు. చిన్న తెర మీద ముందు కొత్త రేకు వెనక భాగం కనిపించింది. దాని వెనకే, పొలుసులు పొలుసులుగా రాలిపోతున్న పాత సిల్. ఆ గ్యారేజీవాళ్లు పాతది కోసి తీయలేదు. దాని మీదే కొత్త రేకు కప్పి అంచుల్లో వెల్డింగ్ చేశారు. మధ్యలో ఉండాల్సిన నిలువు రేకు చాలాచోట్ల లేనే లేదు. బావగారు తెర వైపు చూస్తూ ఉండిపోయారు. పెద్దాయన ఆ గ్యారేజీని ఒక్క మాట అనలేదు. ఆ బొమ్మలన్నీ తేదీతో సహా బావగారి ఫోనుకు పంపించారు.

ఇంజిన్ దగ్గరకు వచ్చేసరికి మాటల్లోకి మన దేశం వచ్చింది. ఎంజీబీలో ఉన్నది బీఎంసీ అనే అప్పటి బ్రిటిష్ కార్ల కంపెనీ వారి బీ సిరీస్ ఇంజిన్, 1798 సీసీ. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజిన్ దీని దాయాదే. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కూడా ఇక్కడికి దగ్గర్లోని కౌలీ ఫ్యాక్టరీలో తయారైన బండే. బావగారి నాన్నగారికి అంబాసిడర్ ఉండేది. దాన్ని బాగుచేయించడానికి విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్తే రోజంతా మేస్త్రి పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవారట. విప్పిన ప్రతి నట్టూ యజమాని చూసేవాడు, పాడైన సామాను చేతిలో పెట్టి చూపించాకే కొత్తది తెప్పించేవారు. ఇదంతా చెబితే పెద్దాయన మొహం వెలిగింది. “మీ నాన్నగారు చేసింది సరైన పని” అన్నారు.

ఆయన నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష చేసి అంకెలు కాగితం మీద రాశారు. నాలుగూ దాదాపు సమానంగానే ఉన్నాయి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, జంట ఎస్‌యూ కార్బొరేటర్ల థ్రాటిల్ కడ్డీ చివర్ల దగ్గర కొద్దిగా స్ప్రే కొట్టారు. వెంటనే ఇంజిన్ శబ్దం మారింది. కడ్డీ అరిగి, ఆ సందులోంచి గాలి లోపలికి పోతోంది. ఇంజిన్ కుదురుగా తిరగకపోవడానికి కారణం అదే. “ఇంజిన్ బోరుకు రాలేదు. దాని జోలికి వెళ్లకండి. కార్బొరేటర్లకు బుష్‌లు వేయిస్తే చాలు. పెట్రోలు గొట్టాలు కూడా మార్చండి” అన్నారు. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు దాన్ని తట్టుకోలేవు.

చేతికి అందిన పెద్ద పనిని అవసరం లేదని వదిలేసిన ఆ క్షణంలోనే నాకు ఆయన మీద గురి కుదిరింది. ఇంజిన్ దించి మొత్తం చేస్తానంటే బావగారు కాదనేవారు కాదు.

మొత్తం ఎంతవుతుందని అడిగితే ఆయన సూటిగా చెప్పారు: “కోసి చూడకుండా మొత్తం లెక్క చెబితే అది అబద్ధమవుతుంది. మొదటి విడతకు మాత్రం చెప్పగలను.” ఆ విడతలో సీట్లు, ట్రిమ్ తీసేసి, ఒక పక్క సిల్ విప్పి, లోపలి స్థితిని రాసివ్వడం వరకే ఉంటుంది. అది చూశాక ముందుకెళ్లాలో ఆపేయాలో నిర్ణయం బావగారిది. పని గంటలు రోజువారీగా రాస్తారు. ఒప్పుకున్న మొత్తం దాటేలా ఉంటే ముందే ఫోన్ చేస్తారు. తీసేసిన ప్రతి ముక్కా ఆ చెక్క పెట్టెలోనే ఉంటుంది. కారు లాగ్‌బుక్ (రిజిస్ట్రేషన్ పత్రం) కారు యజమాని ఇంట్లోనే ఉండాలి, కారు షెడ్డులో ఉన్నన్నాళ్లూ బీమా కంపెనీకి ఆ సంగతి తెలిపి ఉంచాలి అని ఆయనే గుర్తుచేశారు. పనిలో తగిన శ్రద్ధ, నైపుణ్యం చూపాలని ఇక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టం చెబుతుంది. అయితే కోర్టుకెక్కే అవసరం రాకుండా కాపాడేది ఇలాంటి షరతులు రాసుకున్న కాగితమేనని నాకనిపించింది.

పక్కనే ఇంకో ఎంజీబీ పని మధ్యలో ఉంది. తలుపులు తీసేసిన ఖాళీలో ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ అడ్డంగా ఉక్కు గొట్టాలు వెల్డింగ్ చేసి ఉన్నాయి. సిల్ కోసినప్పుడు బాడీ వంగకుండా పట్టి ఉంచేవి అవే. రెండు పక్కలా ఒకేసారి కోయరు. కొత్త రేకులను ముందు క్లాంపులతో బిగించి, తలుపు తగిలించి సందు చూసి, మళ్లీ తీసి సరిచేసి, చివరికి వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్, రంగు అయ్యాక లోపలి సందుల్లోకి తుప్పు పట్టకుండా మైనం కొడతారు. రేకులు దగ్గర్లోని విట్నీ నుంచి వస్తాయి. అక్కడి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత ఫ్యాక్టరీ అచ్చులను కాపాడి 1988 నుంచి ఎంజీబీ బాడీలనే కొత్తగా తయారు చేస్తోంది. ఆ రేకు మీద చెయ్యి వేసి చూస్తే, దాన్ని పాత తుప్పు మీద కప్పేయడం ఎంత అన్యాయమో అర్థమైంది.

బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులు చేయనివాటికి, 2018 మే నుంచి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి కాదు. అయినా తన షెడ్డు నుంచి బయటికెళ్లే ప్రతి కారునూ పెద్దాయన వేరేచోట పరీక్షకు పంపుతారు. తన పనిని పరాయి కన్ను చూడాలని ఆయన పట్టుదల.

ఆయన దగ్గర ఇరవై ఏళ్లు కూడా నిండని ఒక అమ్మాయి వెల్డింగ్ నేర్చుకుంటోంది. ఈ జిల్లాలోనే బైసెస్టర్‌లో, పాత వైమానిక స్థావరపు ఇటుక భవనాల్లో పాతకార్ల పనివాళ్ల షెడ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడి హెరిటేజ్ స్కిల్స్ అకాడమీ యువతకు ఈ పనిలో అప్రెంటిస్ శిక్షణ ఇస్తోంది. చదువు అక్కడ, చేతిపని ఇలాంటి షెడ్లలో. చిత్తు రేకు మీద వేసిన తన అతుకులను ఆ అమ్మాయి గ్రైండర్‌తో కోసి, అతుకు లోపలిదాకా దిగిందో లేదో మాకు చూపించింది. తన తప్పొప్పులను తానే కోసి చూసుకోవడం అక్కడ మొదటి పాఠం.

బావగారు మొదటి విడతకు సంతకం చేశారు. రంగు ఊసే ఎత్తలేదు, అది అన్నిటికన్నా చివర.

పాత బండి ఉన్న ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఒక్కటే. ఎక్కువ హామీలిచ్చేవాడికన్నా ఎక్కువ చూపించేవాడిని నమ్మండి. పని మొదలుపెట్టకముందే లోపల చూపించాలి, అక్కర్లేని పనిని వద్దనాలి, తీసిన ముక్క మీ చేతిలో పెట్టాలి. అలాంటివాళ్లు ఆబింగ్డన్‌లోనే కాదు, మన ఆటోనగర్లలోనూ ఉన్నారు. అంబాసిడర్ ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పగల మేస్త్రులకు వయసు మీదపడుతోంది. వాళ్ల పక్కన నేర్చుకునే కుర్రాళ్లు నిలబడాలంటే, బేరమాడి గంటల్లో ముగించమని తొందరపెట్టడం మానాలి. నిదానంగా, దాపరికం లేకుండా చేసిన పనికి తగిన కూలి మనం ఇవ్వాలి.