ఖాళీ డ్రమ్మే ప్రమాదం

కోతలు దగ్గరపడ్డాయి. మిషన్లకు డీజిలు డ్రమ్ముల్లో, స్ప్రేయర్లకు పెట్రోలు డబ్బాల్లో తెచ్చుకుంటాం. నిండు డ్రమ్ము దగ్గర బీడీ వెలిగించాలంటే అందరికీ భయమే. ఖాళీ అయ్యాక ఆ భయం పోతుంది. అసలు ప్రమాదం అప్పుడే.

మండేది నూనె కాదండీ, దాని ఆవిరి. అడుగున మిగిలిన కాస్త నూనె ఆవిరై, గాలితో కలిసి డ్రమ్మంతా నిండుతుంది. కుడితి తొట్టి చేయిద్దామని గ్యాస్ కటింగుకు ఇస్తే, మంట తగలగానే పేలొచ్చు. పోయేది వెల్డింగ్ కుర్రాడి ప్రాణం. నీళ్లతో కడిగాం కదా అనుకోవద్దు. అంచు మడతల్లో జిడ్డు ఉండిపోతుంది, వేడికి మళ్లీ ఆవిరవుతుంది. అందుకే నేను మా గేదెలకు సిమెంటు తొట్టే కొన్నాను.

పెట్రోలు ఇంకా మొండిది. చలికాలంలో కూడా ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతూ పోయి దూరాన ఉన్న పొయ్యినీ అందుకుంటుంది. సొంత వాడకానికైనా లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు. బంకులో డబ్బా నేలమీద పెట్టి పట్టించండి, బండిమీద వద్దు. మూతిదాకా నింపొద్దు. పైపును నోటితో పీల్చొద్దు.

పాత డబ్బాలో తాగేనీళ్లు పట్టొద్దు. మురికి డీజిలు కాలవలో పారబోయకుండా, పాత ఆయిలు తీసుకునే మెకానిక్కుకు ఇవ్వండి. డ్రమ్ము పాత ఇనుముకు వేసేటప్పుడు అందులో ఏముండేదో చెప్పి ఇవ్వండి. చెప్పకుండా మాత్రం ఇవ్వొద్దు.