చోడంబలి వేళ సోంపేటలో

పగలు పది దాటాక, పన్నెండు కాకముందు తినే తిండికి నగరాల హోటళ్లు ‘బ్రంచ్’ అని పేరు పెట్టి, దానికి వేరే ధర కట్టాయి. ఉద్దానంలో ఆ వేళ తిండి ఎప్పటినుంచో ఉంది. తెల్లవారుజామున కొబ్బరితోటకో జీడితోటకో వెళ్లినవారు ఎండ ముదిరే సమయానికి నీడపట్టున కూర్చుని చోడంబలి తాగుతారు. మిగతా ఆంధ్రదేశం రాగులనే గింజలను శ్రీకాకుళం జిల్లా చోళ్లంటుంది.

సోంపేట పేరుతో ఉన్న రైల్వే స్టేషను కంచిలిలో ఉంది. అక్కడ దిగి ఆటోలో ఊళ్లోకి చేరేసరికి పది గంటలయింది. రోడ్డు పక్కన ఒక తోపుడుబండి, దాని మీద మూత పెట్టిన బిందె, చుట్టూ నిలబడి తాగుతున్న కూలీలు. రాత్రి నానబెట్టి పులిసిన చోడిపిండిని, ఉడుకుతున్న బియ్యపు నూకలో పోసి, ఉండలు కట్టకుండా గరిటెతో తిప్పుతూ కాచి, చల్లార్చి మజ్జిగ కలుపుతారు. రంగు చూస్తే మనసు పోదు. ఒక గుక్క మింగాక ఆ పులుపు, ఆ చల్లదనం తిన్నగా కడుపులోకి దిగుతాయి. నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ, వేపిన ఎండుచేప. “ఇంకో గ్లాసు పొయ్యమంటారేటి బాబూ?” అని ఆ బండి యజమానురాలు అడిగినప్పుడు వద్దనడం నావల్ల కాలేదు.

నాకు ఆతిథ్యమిచ్చిన కుటుంబానికి మాత్రం ఈ సంగతి నచ్చలేదు. ఇంట్లో బిర్యానీ సిద్ధమవుతుండగా అతిథి వీధిలో అంబలి తాగి రావడమా! “మీరు అడిగినా మేం పెట్టేవాళ్లం కాదు. చుట్టాలకు ఎవరైనా అంబలి పెడతారేటి?” అన్నారు ఇంటి ఇల్లాలు. అంబలి ఆ ఇంట్లోనూ కాస్తారు. ఎవరూ రాని రోజున మాత్రమే దస్తర్‌ఖాన్ మీదికి వస్తుంది.

ఆమెకు నేను చెప్పిన జవాబు కొంచెం దూరం నుంచి మొదలైంది. చోళ్లు ఈ నేల మీద పుట్టిన పంట కాదు. తూర్పు ఆఫ్రికా ఎత్తుభూములలో మొదట సాగులోకి వచ్చి, వేల ఏళ్ల క్రితమే మన దేశానికి చేరాయి. ఇథియోపియాలో వాటిని ‘దగుస’ అంటారు. ఆ దేశపు ఉత్తర భాగమే టిగ్రాయ్. మన గ్రంథాలు హబషా అని పిలిచే రాజ్యానికి రాజధాని అయిన అక్సూమ్ అక్కడే ఉంది. మక్కా హింసకు తాళలేని తొలి ముస్లింలు సుమారు 615లో దైవప్రవక్త (స) సలహాపై హిజ్రత్ చేసినది ఆ రాజ్యానికే. హజ్రత్ జాఫర్ (రజి) నజాషీ సభలో మర్యమ్ సూరా పఠించిన ఉదంతం మన పిల్లలకూ తెలుసు. టిగ్రాయ్‌లోని నెగాష్ గ్రామంలో నజాషీ పేర మసీదు ఉంది. 2020 నవంబరులో మొదలైన యుద్ధంలో అది ఫిరంగి గుండ్లకు దెబ్బతింది.

ఆ నేల తిండి మన తిండికి మరీ దూరమేమీ కాదు. టెఫ్ అనే చిరుగింజ పిండిని, కొన్నిచోట్ల దగుస పిండిని కూడా, కొన్నాళ్లు పులియబెట్టి పెద్ద అట్టుగా కాలుస్తారు. టిగ్రిన్యా భాషలో అది ‘తైత’, లోకానికి ‘ఇంజెరా’. ఒకే పళ్లెం చుట్టూ అందరూ కూర్చుని, కూరలో అద్దుకుని కుడిచేత్తో తింటారు. వేపిన బార్లీ పిండిని చిన్న ఉండలుగా చేసి, పుల్లకు గుచ్చి, కారపు మాంసం పులుసులో ముంచి తినే ‘తిహ్లో’ మరొకటి. వలస వెళ్లినవారి వెంట ఈ వంటలూ విదేశాలకు చేరాయి. ఆ దేశాల రెస్టారెంట్లలో వాటిని మర్యాదగా అతిథి ముందు పెడతారు. పులియబెట్టిన చిరుధాన్యం అక్కడ మర్యాద కాగా ఇక్కడ నామోషీ ఎందుకయిందో నాకు అర్థం కాదు. ఇల్లాలు విని నవ్వారు. ఒప్పుకున్నారో లేదో తెలియదు.

సాయంత్రం ఇంటి పెద్దాయన తోట చూపించారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరిచెట్లను వరుసలు వరుసలుగా కూల్చింది. కొత్తగా నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. నాకు ఒక బోండాం కొట్టించి ఇచ్చి, ఆయన ముట్టలేదు. ఉద్దానాన్ని పట్టి పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధి ఆయనకూ ఉంది. జబ్బు ముదిరినవారికి పొటాషియం ఎక్కువున్న కొబ్బరినీళ్లు వద్దంటారు వైద్యులు. ఈ వ్యాధికి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయపు నీటిని ఇళ్లకు తెచ్చే పథకమూ, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. అంబలి కూడా డాక్టరు చెప్పిన కొలతకు మించి తాగరాదని ఆయన చెప్పారు. కొబ్బరి పండించే చేతులకు కొబ్బరినీళ్లు నిషేధం. ఆ మాటను ఆయన ఫిర్యాదుగా అనలేదు.

తిరుగుదారిలో బీల కనిపించింది. ఏడాదిలో చాలా నెలలు నీరుండే ఈ చిత్తడి నేలలో విద్యుత్కేంద్రం వద్దని ఊళ్లు నిలబడ్డాయి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. కేంద్రం రాలేదు, నీరు మిగిలింది. ఆ పూట గట్టు మీద పశువులు మేస్తున్నాయి, మోకాటి లోతు నీళ్లలో ఇద్దరు వల విసురుతున్నారు.

సోంపేట వెళ్లేవారు పదకొండులోపు బజారుకు చేరితే మంచిది. మధ్యాహ్నానికి అంబలి బిందె ఖాళీ అవుతుంది.