బొగ్గు బాయి నుంచి భీమిలి దాకా!

సినిమాల్లో సముద్రం చూడనివాళ్లెవరు చెప్పండి! హీరో అలిగితే సముద్రం, హీరోయిన్ మనసిస్తే సముద్రం, ఇద్దరూ విడిపోతే మళ్లీ అదే సముద్రం! కాని గోదావరిఖనిలో పుట్టిన నాబోటివాడికి అది తెరమీది వస్తువే. మాకున్నవి గోదారి, బొగ్గు గుట్టలు, రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు. అసలు సిసలు సముద్రాన్ని విశాఖలో చూడాలంటే విజయవాడ మీదుగా రాత్రంతా రైల్లో పోవాలి.

మా బాపు సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరి, ముప్పై ఆరేళ్లు బాయిలో దిగి, 2023లో రిటైరయ్యాడు. ఆయనకి పదహారేళ్లప్పుడు, అంటే 1978లో, రామగుండం ఎన్టీపీసీకి ప్రధానమంత్రి మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. ఆ యేడే కె. బాలచందర్ 'మరో చరిత్ర' విడుదలైంది. "దానికి ఊరంతా పోయిండ్రు. దీనికి నేను మూడుసార్లు పోయిన" అంటాడు బాపు.

కమల్ హాసన్, సరిత నటించిన ఆ నలుపు తెలుపు చిత్రాన్ని విశాఖ, భీమిలి తీరాల్లో తీశారు. డబ్బింగ్ చెయ్యకుండా తెలుగులోనే తమిళనాట ఏడాది దాటి ఆడిందంటే చూడండి! ఆ సినిమా చూసిన రోజే బాపు సముద్రం చూడాలనుకున్నాడట. చూళ్లేదు. యాత్రలకని కంపెనీ ఇచ్చే ఎల్.టి.సి. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చింది. ఒకసారి అక్క పెళ్లి. ఒకసారి ఇంటి స్లాబు. రెండుసార్లు నా కాలేజీ ఫీజు. ఈ లెక్క నాకు తెలిసింది మొన్న మొన్ననే. అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

జనవరిలో టిక్కెట్లు తీశాను. బాపు ఒకే షరతు పెట్టాడు. "ఐదువేలు దాటితే నడుమల్నే దిగిపోత!"

రామగుండంలో స్లీపర్ ఎక్కాం. విజయవాడలో రైలు మారాం. తెల్లారేసరికి విశాఖ. సముద్రం కనబడే గది కావాలంటే జేబు ఖాళీ అవుతుంది. అందుకని స్టేషనుకు దగ్గర్లో, డాబాగార్డెన్స్ వైపు, రోజుకి ఏడువందల గది తీసుకున్నాం. కిటికీ తీస్తే పక్కింటి గోడ! ఫరవాలేదు. గదికి అద్దె గాని సముద్రానికి అద్దె లేదుగా!

ఆర్.కె. బీచికి వెళ్లాం. బాపు రోడ్డు గట్టు మీదే ఆగిపోయాడు. పైకి చూశాడు, ఎదురుగా చూశాడు. చాలాసేపటికి, "కప్పు లేదు కదరా!" అన్నాడు.

నేను ప్యాంటు మడిచి పరుగెత్తబోయాను. చొక్కా పట్టి లాగాడు.

"ఆగు బిడ్డా. బాయిల పని మొదలు పెట్టే ముందు కప్పును కట్టెతోని కొట్టి చూస్తం. గట్టి కప్పు ఒక తీరు పలుకుతది, ఊడే కప్పు ఒక తీరు. నీళ్ల సంగతి గూడ చూడాలె."

పది నిమిషాలు అలల్ని చూస్తూ నిలబెట్టాడు. గోదారిలో ఈత నేర్చిన నాకు నామోషీ అనిపించింది. ఇంతలో అక్కడున్న జాలరి ఒకాయన నవ్వి, "మీ నాన్నగారు చెప్పింది రైటేనండీ" అన్నాడు. ఇక్కడ పాదాల కింది ఇసుక ఉన్నట్టుండి జారిపోతుందట. వెనక్కి పోయే అల మనిషిని లాక్కుపోతుందట. ఏటా కుర్రాళ్లు ఇలాగే పోతున్నారని చెప్పాడు. మోకాళ్ల లోతు దాటలేదు నేను. మీరూ దాటకండి, బాబూ! ఈతొచ్చినవాళ్లు మరీనూ.

మధ్యాహ్నం అదే రోడ్డు మీదున్న కుర్సురా జలాంతర్గామి చూశాం. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002 నుంచి మ్యూజియం అయింది. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. లోపల ఇరుకు. నా ముందున్నవాళ్లు ఊపిరాడటం లేదంటూ గబగబా బయటపడ్డారు. బాపు మాత్రం సొంతింట్లో నడిచినట్టు నడిచాడు. గైడు నేవీలో రిటైరైన పెద్దాయన. "గాలి ఎట్ల వస్తదయ్యా?" అని మొదలుపెట్టి బాపు ఆయన్ని వదల్లేదు. ఒకాయన నీళ్ల కింద, ఒకాయన నేల కింద. ఇద్దరూ పాత దోస్తుల్లా మాట్లాడుకుంటుంటే, మా బాపు ఉద్యోగం గురించి నేను ఇన్నేళ్లలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదని గుర్తొచ్చింది.

మర్నాడు భీమిలి. టాక్సీలు అక్కర్లేదు, 900కె సిటీ బస్సు ఎక్కితే చాలు. పాతిక కిలోమీటర్ల దారిలో చాలాదూరం సముద్రం మీ కుడిచేతి వైపే ఉంటుంది. కుడి కిటికీ సీటు కోసం మాత్రం కాస్త తోసుకోవాలి! భీమిలిలో డచ్చివాళ్ల పాత సమాధులు చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కూర్చున్నాం. బాపు తన సినిమాలోని చోట్లు వెతుకుతాడనుకున్నాను. వెతకలేదు.

"మన గోదారి గూడ గిట్లనే కలుస్తదా?"

"కలుస్తుంది బాపూ, అంతర్వేది దగ్గర."

కాసేపాగి అన్నాడు: "అయితే మన ఊరి నీళ్లు ఎప్పుడో వచ్చినయ్. మనమే లేటు."

నేనేం మాట్లాడలేదు. ముంత మసాలా పొట్లం ఆయన చేతిలో పెట్టాను.

ఇక లెక్క చెప్పాలిగా! రైళ్లకి 1,900. గదికి 1,400. తిండికీ, బస్సులకీ, కుర్సురా టిక్కెట్లకీ 1,250. మొత్తం 4,550 రూపాయలు. మిగిలిన 450తో సాయంత్రం జగదాంబ సెంటర్లో సినిమాకి పోయాం. ఆ సెంటర్‌కి పేరొచ్చిందే జగదాంబ థియేటర్ వల్ల. ఏ సినిమా చూశామో అడక్కండి. ఇంటర్వెల్ కాకముందే బాపు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. చెప్పుల నిండా ఇసుక. కదిలిస్తే లేస్తాడేమోనని నేనూ కదల్లేదు.