దారికీ వంతులుండాలి

మాది కొవ్వూరు. మా నాన్న ఉద్యోగం గోదావరికి అవతల, రాజమండ్రి పేపరు మిల్లులో. ఉదయం షిఫ్టు పడిందంటే నాలుగు గంటలకే అమ్మ లేచి పొయ్యి వెలిగించేది. నాన్న క్యారేజీ హ్యాండిలుకు తగిలించుకుని సైకిలెక్కేవారు. 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన మీద రోడ్డు పొడవు నాలుగు కిలోమీటర్ల పైమాటే. కింద రైలు, పైన మనుషులు. ఒకసారి నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. సగం దూరం వెళ్ళేసరికి కింద గూడ్సు బండి వచ్చింది. కాళ్ళ కింద రోడ్డంతా సన్నగా అదిరింది. భయంతో బిగుసుకున్న నా చేతుల మీద నాన్న తన చెయ్యి వేసి, "ఏం కాదమ్మా, దానిదారిన అది పోతోంది, మనదారిన మనం పోతున్నాం" అన్నారు.

ఇప్పుడు నేనుండేది సియాటిల్‌లో. నా ఉద్యోగమూ నీళ్ళకు అవతలే, రెడ్మండ్‌లో. మధ్యలో వాషింగ్టన్ సరస్సు. దాని మీద 520 వంతెన. 2016లో తెరిచిన ఈ కొత్త వంతెన నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. పొడవు రెండు కిలోమీటర్ల పైనే. ప్రపంచంలో ఇంత పొడవైన తేలే వంతెన ఇంకొకటి లేదు. వచ్చిన కొత్తలో రెండేళ్ళ పాటు రోజూ కారులో వెళ్ళాను. ఐదు సీట్ల కారులో నేనొక్కదాన్నే. ముందు కారులోనూ ఒక్కరే, పక్క కారులోనూ ఒక్కరే. అందరం ఒకే సమయానికి బయల్దేరి, ఒకే వంతెన ఎక్కి, ఒకే చోట ఆగిపోయేవాళ్ళం. సాయంత్రం ఇల్లు చేరేసరికి పాప తినేసి నిద్రపోయేది.

ఆ పరిస్థితి మార్చింది కొత్త రోడ్డు కాదు. మా ఆఫీసులో ఒకావిడ. ఉద్యోగులు పనికి ఎలా వస్తున్నారో, ఎలా వెళ్తున్నారో కనుక్కుని ఏర్పాట్లు చూడటమే ఆవిడ బాధ్యత. ఒకరోజు నా దగ్గరికొచ్చి రెండే ప్రశ్నలడిగింది. ఎక్కడి నుంచి వస్తావు, ఎన్నింటికి రావాలి? వారం తిరక్కుండా నాకు ఒక వ్యాన్‌లో సీటు చూపించింది.

దాన్ని ఇక్కడ వ్యాన్‌పూల్ అంటారు. ఒకే వైపు నుంచి ఒకే వైపుకు వెళ్ళే ఉద్యోగులకు కింగ్ కౌంటీ రవాణా సంస్థ 1979 నుంచి వ్యాన్లు ఇస్తోంది. వేరే డ్రైవరుండడు. ఎక్కేవాళ్ళలోనే కొందరు వంతులు వేసుకుని నడుపుతారు. మా వ్యాన్‌లో ఏడుగురం, మూడు కంపెనీల వాళ్ళం. మా వాళ్ళు ఇద్దరే. మిగతా ఐదుగురూ పక్క వీధిలోని రెండు కంపెనీల వాళ్ళు. మా ఒక్క కంపెనీ తలుచుకుంటే ఆ వ్యాన్ నిండేది కాదు. మూడు కంపెనీలూ తమ ఉద్యోగులు ఏయే పేటల నుంచి వస్తున్నారో చూసుకుని కలుపుకున్నాయి కాబట్టే నిండింది.

ఒకరోజు మధ్యాహ్నం బడి నుంచి ఫోను. పాపకు జ్వరం, వచ్చి తీసుకెళ్ళమన్నారు. వ్యాన్ సాయంత్రం ఐదింటికి గాని కదలదు. కారేమో ఇంటి దగ్గరుంది. ఆవిడకు చెప్పాను. పది నిమిషాల్లో గుమ్మం ముందు టాక్సీ ఉంది. డబ్బు నేను కట్టక్కర్లేదు. కారు మానెయ్యండని చెప్పడం ఎవరికైనా తేలికే. మానేసినవాళ్ళకు ఆపద వస్తే దిక్కెవరో ముందే తేల్చిపెట్టడం అసలు పని. అది లేకే చాలామంది తల్లులు సొంత బండి వదలరు.

దీని వెనక ఒక చట్టం ఉంది. వాషింగ్టన్ రాష్ట్రం 1991లో చేసింది. రద్దీ ఉండే పట్టణ ప్రాంతాల్లో, ఉదయం 6 నుంచి 9 గంటల మధ్య వంద మంది, అంతకు మించి పూర్తికాలపు ఉద్యోగులు పనికొచ్చే చోటు ఈ చట్టం కిందికి వస్తుంది. అక్కడి యజమాని ఒక ప్రణాళిక వేసుకోవాలి, దానికో మనిషిని పెట్టాలి, ఎవరెలా వస్తున్నారో ఎప్పటికప్పుడు లెక్క తీయాలి. మైక్రోసాఫ్ట్ లాంటి పెద్ద కంపెనీ 2007లో సొంతంగా బస్సులు వేసుకోగలిగింది. ఆ స్తోమతు లేనివాళ్ళు కలిసి నడుస్తారు. ఆ చట్టంలో నాకు నచ్చింది ఒక్కటే. పనివేళ నిర్ణయించేది యజమాని కాబట్టి, ఆ వేళకు రోడ్డు మీద పోగయ్యే జనం బాధ్యత కూడా కొంత ఆయనదేనని ఒప్పుకుంది.

కంపెనీలు ఇలా కలిసి రావడం మన తెలుగు నేల మీద జరగని సంగతేమీ కాదు. 2023 జూలైలో హైదరాబాదులో వానలు ముంచెత్తినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఉద్యోగులను ప్రాంతాల వారీగా మూడు విడతల్లో ఇళ్ళకు పంపమని ఐటీ కంపెనీలను కోరారు. ఒక ప్రాంతం వాళ్ళు మూడింటికి, ఇంకో ప్రాంతం వాళ్ళు నాలుగున్నరకు ఆఫీసు వదలాలి. అక్కడ పోలీసులూ ఐటీ కంపెనీలూ కలిసి పెట్టుకున్న సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ముందు నుంచీ ఉంది. ఆడవాళ్ళ కోసం షీ షటిల్ బస్సులు నడిపిందీ వాళ్ళే. ఆ బస్సెక్కే అమ్మాయి ఫలానా కంపెనీదే అయ్యుండాలన్న నియమం లేదు. మాట్లాడుకోవడానికి ఒక వేదిక ముందే ఉంటే కష్టం వచ్చిన రోజున పని తేలికవుతుంది.

ఇక మా ఊరికి అవతలి ఒడ్డున ఉన్న రాజమండ్రి సంగతి. మొన్న సంక్రాంతికి వారం ముందే వచ్చాను. ఒక ఉదయం ఎనిమిదింటికి అక్కడి లాలాచెరువు దగ్గర, రాజానగరం వైపు వెళ్ళే ఆటో కోసం నిలబడ్డాను. పసుపు రంగు కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. నాలుగైదు కాలేజీలవి, అన్నీ ఒకే వైపుకు. కిటికీల్లోంచి చూస్తే చాలా బస్సుల్లో వెనక సీట్లు ఖాళీ. ఆ బస్సుల మధ్యలోంచే ఒక ఆటో వచ్చింది. అందులో పదిమంది ఆడవాళ్ళు, ఆస్పత్రిలో ఆయాలుగా పనికెళ్తున్నారు. డ్రైవరు పక్కన కూర్చున్నావిడ శరీరం సగం బయటే ఉంది. ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుంది, రెండో చేత్తో టిఫిను సంచీ గుండెకు అదుముకుంది. ఖాళీ సీట్లున్న బస్సు ఆమె మోచేతికి జానెడు దూరంలో వెళ్ళిపోయింది.

మా చిన్నాన్న కొడుకు ఒక కాలేజీలో బస్సుల వ్యవహారం చూస్తాడు. రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "ఖాళీగానే వస్తాయక్కా, ఏం చెయ్యమంటావు? ఆళ్ళ పిల్లలు ఆళ్ళ బస్సెక్కాలి, మా పిల్లలు మా బస్సెక్కాలి. కాలేజీ బస్సని పన్ను తగ్గించి పర్మిట్టిచ్చారు, అందులో బయటివాళ్ళని ఎక్కిస్తే ఊరుకోరు కదా" అన్నాడు. వాడి మాటలో న్యాయముంది. ఇది ఒక్క కాలేజీ తేల్చుకోగలిగే పని కాదు. అలాగని ఎవరూ తేల్చకుండా వదిలెయ్యాల్సినదీ కాదు.

పనివాళ్ళను బండి పెట్టి తీసుకెళ్ళడం మన డెల్టాకు కొత్తేమీ కాదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లు తెల్లవారకముందే ఊరూరికీ బస్సులు పంపి ఆడవాళ్ళను తీసుకెళ్తాయి. చెయ్యగలమని తెలుస్తూనే ఉంది. కాకపోతే ఎవరికి వారే చేసుకుంటున్నాం.

ఎవరికి వారు కాకుండా కలిసి పంచుకోవడం ఎలాగో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. రెండో పంట దాళ్వాలో గోదావరికి నీరు తగ్గినప్పుడు ఏం చేస్తాం? అందరూ ఒకేసారి తూములెత్తితే శివారు చేలకు చుక్క చేరదు. అందుకే వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఈ కాలువకు, ఇన్ని రోజులు ఆ కాలువకు. మా తాతయ్యకు శివారున ఎకరం చేనుండేది. వంతు వచ్చిన రాత్రి లాంతరు పట్టుకుని బోదె వెంట నడిచి వెళ్ళి నీళ్ళు మళ్ళించుకునేవారు. ఆలస్యమైనా నీరొస్తుందన్న ధైర్యం వంతుది. 1997లో చట్టం చేసి నీటి సంఘాలు కూడా పెట్టుకున్నాం. ఎగువ రైతూ దిగువ రైతూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలన్నదే దాని సారం.

రోడ్డు కూడా కాలువ లాంటిదే. తొమ్మిదిన్నరకే అందరూ తూములెత్తుతున్నాం. కాలేజీలు, ఆస్పత్రులు, ఆఫీసులు, తాడితోట బట్టల కొట్లు, అన్నీ ఒకే అరగంటలో మనుషుల్ని పిలుస్తున్నాయి. ఆ అరగంట మోరంపూడి దగ్గర, దేవీచౌక్ దగ్గర నిలబడి పొగ మింగేది బడిపిల్లలూ ట్రాఫిక్ కానిస్టేబుళ్ళూ. పది దాటాక అవే రోడ్లు తెరిపిన పడతాయి.

అందుకే రాజమండ్రి పెద్దలకు నా విన్నపం మూడు మాటలు.

మొదటిది, వేళలకు వంతులు పెట్టండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు. ఛార్జీ పోయింది సరే, సీటు దొరకాలి కదా. ఐదు వందల మందిని ఒకేసారి తొమ్మిదిన్నరకు దింపాలంటే పది బస్సులు కావాలి. సగం మందిని ఎనిమిదింటికి, సగం మందిని తొమ్మిదిన్నరకు రమ్మంటే ఐదు బస్సులే రెండు ట్రిప్పులు తిరిగి దింపేస్తాయి. దీనికి కొత్త బస్సు కొనక్కర్లేదు, కొత్త రోడ్డు వెయ్యక్కర్లేదు.

రెండోది, ఖాళీ సీట్లు కలపండి. రాజానగరం దారిలో ఉన్న కాలేజీలు, యూనివర్సిటీ, ఆస్పత్రులు ఒకచోట కూర్చుంటే ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగులుతున్నాయో ఒక పూటలో తేలిపోతుంది. పర్మిట్టు అడ్డమైతే రవాణా శాఖను అందరూ కలిసి అడగాలి. ఒక్కరడిగితే అది సొంత అవసరం అనిపిస్తుంది. ఇరవై మంది కలిసి అడిగితే ఊరి అవసరమవుతుంది.

మూడోది, ప్రతి సంస్థలో ఒక మనిషికి ఈ పని అప్పజెప్పండి. ఎక్కడి నుంచి వస్తావమ్మా, ఎన్నింటికి రావాలి, రాత్రి ఆలస్యమైతే ఎలా వెళ్తావు అని అడిగే మనిషి. నలుగురు పనివాళ్ళున్న కొట్టుకు ఇది భారమే. అందుకే ఇరవై కొట్లకు కలిపి ఒక మనిషి చాలు. నీటి సంఘంలాగే ఒక దారి సంఘం. ఛాంబర్ ఆఫ్ కామర్స్, కార్పొరేషన్, పోలీసులు, ఆర్టీసీ కలిస్తే దానికి కుర్చీలు వెయ్యడానికి ఒక హాలు చాలు.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజులకు ఎవరు ఏ ఘాటుకు, ఏ దారిన, ఏ వేళకు అని ప్రభుత్వం లెక్కలు వేస్తుంది. ఆ లెక్క పుష్కరాలతో ముగిసిపోకుండా, ఏడాదికి మూడు వందల రోజులు పనికెళ్ళే మనిషి కోసం కూడా నిలవాలి.

చివరిగా నాలాంటి ప్రవాసులకు ఒక మాట. చదువుకున్న కాలేజీకి మనం బెంచీలిస్తున్నాం, ల్యాబులు కట్టిస్తున్నాం. ఈసారి ఊరెళ్ళినప్పుడు యాజమాన్యాన్ని ఒక్క ప్రశ్న అడగండి. రోజూ పొద్దున మీ బస్సుల్లో ఎన్ని సీట్లు ఖాళీగా వస్తున్నాయి? ఆ అంకె కాగితం మీద రాయించుకోండి. పక్క కాలేజీలో చదివిన మీ స్నేహితుడి చేత కూడా అడిగించండి. ఆ రెండు కాగితాలూ ఒక బల్ల మీదకు చేరితే, ఆటో అంచున కూర్చున్న ఆవిడకు ఒక సీటు దొరుకుతుంది.