కూరెకుప్పలో గంధపుచెట్ల చుట్టరికం

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని కూరెకుప్పలో ఆకు మీద దుమ్ము లేని చెట్టు కనబడటం కష్టం. ఒకపక్క తోరణగల్లు ఉక్కు కర్మాగారం, మరోపక్క ఇనుప ఖనిజం గనులు. ఊరి బయట ఓ పెద్దాయన వేసిన శ్రీగంధం తోటకు వెళ్లాను. నాతో వచ్చిన వృక్షశాస్త్ర విద్యార్థిని లేత ఆకు తుంచి, స్పిరిట్ అద్దిన దూదితో ఎర్రదుమ్ము తుడిచింది. జిప్ కవర్లో నీలం రంగు సిలికా గుళికల మధ్య పెట్టి, కవరు మీద చెట్టు నంబరు రాసింది. గుళికలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పట్టినట్టే, వెంటనే మార్చాలి. ఆకు త్వరగా ఎండితేనే అందులోని డీఎన్ఏ చెడదు.

"ఆకుతో ఏం తెలుస్తుందమ్మా? మాకు కావాల్సింది చేవ కదా" అన్నారు పెద్దాయన.

"చెట్ల చుట్టరికం తెలుస్తుంది తాతా."

డీఎన్ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు వరసగా మళ్లీ మళ్లీ వస్తాయి. ఎన్నిసార్లన్నది చెట్టు చెట్టుకూ మారుతుంది. అలాంటి చోట్లు కొన్ని ఎంచి పోల్చితే ఏవి తోబుట్టువులో, ఏవి పరాయివో తేలుతుంది. వీటినే మైక్రోశాటిలైట్ మార్కర్లంటారు. 2018లో శ్రీగంధం జన్యుక్రమం ప్రచురితమయ్యాక వీటిని వెతకడం తేలికైంది.

శ్రీగంధానికి వేళ్ల నుంచీ పిలకలొస్తాయి. ఒకే వేరు నుంచి పది కాండాలు లేస్తే కంటికి పది చెట్లు, జన్యువుల లెక్కలో ఒక్కటే. అందుకే ఉత్త చెట్ల లెక్క చూసి అడవి బాగుందంటే నేను నమ్మను. టిప్పు సుల్తాన్ రాజవృక్షంగా ప్రకటించిన ఈ చెట్టు, 2001లో కర్ణాటక చట్టం మార్చేదాకా సొంత పొలంలో మొలిచినా సర్కారుదే. దాంతో రైతు పెంచలేదు. అడవిలో దొంగలు చేవ బాగా ఉన్నవాటినే ముందు కొట్టారు, వాటి విత్తనమూ వాటితోనే పోయింది. మన శేషాచలం ఎర్రచందనానిదీ ఇదే బాధ. దొరికిన దుంగ ఏ అడవిదో మార్కర్లతో పోల్చవచ్చు గానీ, ముందుగా అడవి అడవి నుంచీ నమూనాలు సేకరించి పెట్టుకుని ఉండాలి.

పెద్దాయన మొక్కలన్నీ ఒకే నర్సరీవి, తోబుట్టువులే అయ్యుండొచ్చు.

"మరి ఈసారి గింజ ఎక్కడ ఏరమంటావు?"

"ఒక్క చెట్టు కింద ఏరొద్దు తాతా. దూరందూరంగా ఉన్న ఇరవై చెట్ల కింద తలా గుప్పెడు ఏరి కలపండి."

ఆయన మనవణ్ణి కేకేసి, చుట్టాల పొలాల్లో ఏ చెట్లు కాయ మీదున్నాయో ఆరా తీయడం మొదలుపెట్టారు.