పట్టూ విడుపూ

18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో, ఎక్కువగా జర్మన్ సంతతి పనివాళ్లు చేసిన పొడవాటి రైఫిల్‌ని చూసినవాళ్లు మేపుల్ కర్ర మీది చెక్కడాన్నీ, ఇత్తడి నగిషీనీ మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సినవే. కానీ ఆ పనివాడి బుద్ధి ఎంతటిదో తెలియాలంటే తుపాకీని తిరగేసి అడుగువైపు చూడాలి. మీటరుకు పైగా పొడవున్న ఎనిమిది పలకల బ్యారెల్‌ని వెనక చివర ఒక మర పట్టుకుంటుంది. మిగతా పొడవంతా కర్రతో కలిపి ఉంచేవి బ్యారెల్ అడుగున బిగించిన లగ్గులనే చిన్న లోహపు ముక్కలు, వాటిలోంచి అడ్డంగా దూరే సన్నటి పిన్నులు. ఆ కిందనే మందూ గుండూ కూరే కడ్డీ, దాన్ని పట్టి ఉంచే ఇత్తడి గొట్టాలు. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో తెలియడమే ఈ కూర్పులోని అసలు నేర్పు అని నా వాదన.

బ్యారెల్ కూర్చునే గాడికీ కడ్డీ దారికీ మధ్య మిగిలే కర్ర సుమారు 3 మిల్లీమీటర్లు. లగ్గు దిగేదీ, దాదాపు 1.5 మిల్లీమీటర్ల పిన్ను దూరేదీ ఆ మందంలోనే. లగ్గు కాస్త కిందికి పొడుచుకొస్తే కడ్డీకి దారి ఉండదు. లగ్గు ఊడకూడదని బ్యారెల్‌లో గాడి లోతుగా కోస్తే, పేలుడు ఒత్తిడిని కాచే గోడ పలచబడుతుంది. అందుకే మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ లోతుతో సరిపెట్టి, అంచులు లోపలికి వాలేలా ఆకురాయితో తీర్చి, లగ్గును పక్కనుంచి తట్టి దించుతారు. ఇక కడ్డీని పట్టే గొట్టం: ఇత్తడి రేకును కడ్డీకన్నా కాస్త లావైన చువ్వ చుట్టూ వంచితే అంచులు రెండూ పైన కలిసి చిన్న రెక్కగా నిలుస్తాయి. ఆ రెక్క కర్రలోని చీలికలోకి దిగుతుంది, దానికీ ఒక పిన్ను. రెక్కా లగ్గూ ఒకేచోట పడితే రెండింటికీ చోటు చాలదు. కాబట్టి రెండింటి చోట్లూ కలిపే గీసుకోవాలి. కర్ర పక్కలు చదునుగా ఉన్నప్పుడే బెజ్జాలు వేయాలి. గుండ్రంగా తీర్చాక డ్రిల్లు తిన్నగా నిలవదు.

ఇక విడుపు. 30 డిగ్రీల వేడి తేడాకు 1.1 మీటర్ల ఇనుప బ్యారెల్ దాదాపు 0.4 మిల్లీమీటర్లు సాగుతుంది. కర్ర వేడికి అంతగా సాగదు, పైగా ఎండకు తేమ పోగొట్టుకుని కుంచించుకుంటుంది. తిన్నటి నార ఉన్న కర్ర పొడవునా తగ్గేది స్వల్పమే; అలలు తిరిగిన నార ఉన్న మేపుల్‌లో మరికాస్త ఎక్కువ. అందుకే లగ్గులోని బెజ్జాన్ని ముందుకూ వెనక్కూ కోలగా సాగదీస్తారు. పైకీ కిందికీ మాత్రం వెంట్రుకవాసి ఖాళీ ఇవ్వరు. తలుపు చట్రంలో పలకను జిగురు పెట్టకుండా గాడిలో వదిలే మన వడ్రంగిదీ ఇదే తర్కం.

అలాగైతే పేలినప్పుడు బ్యారెల్ జరగదా అనే సందేహం సహజం. వెనక్కి తన్నే దెబ్బను బ్యారెల్ వెనక చివర ఆనుకున్న కర్ర కాస్తుంది, పిన్నులు కాదు. గుండ్రటి బెజ్జాలతోనూ తుపాకులు నిలవవా అంటే, నిలవచ్చు. ముందుభాగపు కర్ర పలచన గనక వంగి సర్దుకుంటుంది. కానీ ఆ వంపు గురిని చెడగొట్టవచ్చు, లేదా పిన్ను దగ్గర కర్ర చీలవచ్చు. జిగురుతో అంటించేస్తే పోదా అంటే, తుపాకీమందు మసి తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. తుప్పు పట్టిన చోటు చూడాలంటే బ్యారెల్ ఊడిరావాలి. కదలిక ఎలాగూ తప్పదు. దానికి దారి ముందే చూపించినవాడే ఆ రైఫిల్‌ని పూర్తిగా అర్థం చేసుకున్న పనివాడు.