పరక లేని కుంట

సికింద్రాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రోడ్డుమీద సుమారు పాతిక కిలోమీటర్లు పోతే శామీర్‌పేట చెరువు వస్తుంది. ఈ చుట్టుపక్కల ఇప్పుడు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో వెలసిన బిట్స్ కాలేజీ ఉన్నాయి. ఇక్కడినుంచి మేడ్చల్ వైపు సాగితే దారి పొడుగునా ప్రహరీగోడలు. గోడల వెనుక తోటలు. తోటల్లో సొంత కుంటలు.

అలాంటి కుంట ఒకటి మా మేనమామగారిది. అరెకరం ఉంటుంది. రిటైరైనప్పుడు వచ్చిన పైకంతో తవ్వించి, బొచ్చె, రవ్వ పిల్లల్నీ, వాటితోపాటు తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమట్టనూ వదిలారు. ఏటా మృగశిర కార్తెకు ఇంటిల్లిపాదికీ చేపల పులుసన్నమాట! మొదటి ఏడు సరదాగానే గడిచింది. రెండో ఏట గట్టువార తళతళలాడే పరకలు మాయమయ్యాయి. మూడో ఏట దొరికిన కొర్రమట్టలకు తల తప్ప ఒళ్ళు లేదు.

“మేత వేస్తూనే ఉన్నానురా, తవుడూ చెక్కా!” అని మామయ్య వాపోయారు.

తవుడు బొచ్చెకు సరే. కొర్రమట్టకు కావలసింది ప్రాణమున్న చేప. అది దొరక్కపోతే తన జాతి పిల్లల్నే మింగుతుంది. మేము క్లాసులో చెప్పే మత్స్యన్యాయానికి ఇంతకంటే వ్యాఖ్యానం ఏముంటుంది?

చెరువులో వలవేసే ముసలాయన ఒకరిని మామయ్య పిలిపించారు. ఆయన గట్టుచుట్టూ ఒకసారి తిరిగాడు.

“పటేలా, గట్టెంబడి గడ్డంత పీకేస్తివి. ఇగ పరక యాడ గుడ్లు పెడ్తది? పక్కనే జింకల పార్కున్నది గద. అండ్ల నాలుగు పులుల్ని ఇడిసి, గడ్డి గూడ కోసేస్తే జింకలు ఎన్ని దినాలుంటయి?” అన్నాడు.

శాస్త్రమంతా ఆ మాటలోనే ఉంది. బొచ్చె, రవ్వ కుంటలోని నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి ఏటి వరద కావాలి. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురిగారు సూదిమందుతో చేపల చేత గుడ్లు పెట్టించి చూపిన తరువాతనే వాటి పిల్లలు సులభంగా దొరకసాగాయి. కనుక వాటిని కొని వదలవలసిందే. పరక అలా కాదు. వానల్లో గట్టువార పలచని నీళ్ళలో, నాచుకూ గడ్డికీ గుడ్లు అంటించి, ఉన్నచోటనే సంసారం పెంచుకుంటుంది. దానికి కావలసినవి మూడే: దాగడానికి నీడ, తినడానికి నాచుపట్టిన పచ్చనీరు, తనను తినేవాళ్ళ సంఖ్యకు ఒక హద్దు.

“పోనీ, జిలేబి చేపను వదిలితే?” అన్నారు మామయ్య.

1952లో మన దేశానికి తెచ్చిన ఈ చేప గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. పిల్లలకు కొదవ ఉండదు నిజమే. కాని కొన్నాళ్ళకు కుంటంతా తానే అయి, బొచ్చె మేతకు ఎసరు పెడుతుంది. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

చివరకు గట్టులో మూడోవంతు గడ్డిని పెరగనిచ్చారు. తుమ్మకొమ్మల మోపులు కట్టి మూలల్లో ముంచారు. నీరు పచ్చబడడానికి కాస్త పేడ వేశారు. గాలాలు వేసి పెద్ద కొర్రమట్టలను సగానికి తగ్గించారు. ఆ తరువాతనే రెండు బిందెల పరకలు తెచ్చి కొమ్మల మధ్య వదిలారు. చింతచిగురులో పరకలు వండే యోగం ఏడాదిపాటు వాయిదా పడిందని అత్తయ్య గొణిగింది.

భాద్రపదంలో వెళ్ళి చూశాను. తుమ్మకొమ్మల నీడలో వెండి సూదుల్లాంటి పిల్లలు గుంపులుగా తిరుగుతున్నాయి. వాటి వెనుకే నీటిలో ఒక నల్లని తల మెల్లగా లేచి, గాలి పీల్చుకుని మునిగింది. మామయ్య ఊపిరి బిగబట్టి పిల్లల వైపే చూస్తున్నారు. లెక్క కుదిరిందో లేదో వచ్చే మృగశిర చెప్పాలి.